చైనాలో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం.. డిగ్రీ లేకుండా వెళ్తే ఏమవుతుంది?

“డిగ్రీ అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, ఇంగ్లీష్ మాట్లాడటం వస్తే చాలు. చైనాలో టీచర్ ఉద్యోగం, మంచి జీతం, రూమ్ ఫ్రీ, టికెట్ ఫ్రీ.” ఈ తరహా ప్రకటనలు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. గల్ఫ్‌లో ఎండలో పని చేసేకన్నా బడిలో పాఠాలు చెప్పుకోవడం గౌరవంగా ఉంటుంది కదా అని యువకులు, వాళ్లకన్నా ముందు తల్లిదండ్రులు ఆశపడతారు. ఇంగ్లీష్ మీడియంలో ఇంటర్ దాకా చదివి, డిగ్రీ మధ్యలో ఆపేసిన పిల్లలున్న ఇళ్లలో ఇలాంటి మెసేజ్ వస్తే ఆ రాత్రంతా దాని గురించే మాట్లాడుకుంటారు.

అసలు విషయం ఏమిటంటే, డిగ్రీ లేనివాళ్లకు చైనాలో పాఠాలు చెప్పే పని దొరకొచ్చు. కానీ దానికి కావాల్సిన పర్మిట్ దొరకదు. పర్మిట్ లేని పనిలో లాభం స్కూలుకు, ఏజెంటుకు వెళ్తుంది. జరిమానా, నిర్బంధం, దేశం నుంచి పంపించేయడం మాత్రం టీచర్ మెడకు చుట్టుకుంటాయి. అందుకే ఎవరి చేతిలోనైనా డబ్బు పెట్టే ముందు ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో కుటుంబం మొత్తం తెలుసుకోవాలి.

చైనాకు ఇంగ్లీష్ టీచర్లు ఎందుకు కావాలి?

చైనాలో ఇంగ్లీష్ మీద మోజు నిన్న మొన్నటిది కాదు. 2001లో అక్కడి విద్యాశాఖ మూడో తరగతి నుంచే ఇంగ్లీష్ నేర్పాలని ఆదేశించింది. యూనివర్సిటీలో సీటు కోసం రాసే గావోకావ్ పరీక్షలో సాధారణంగా 750 మార్కులు ఉంటే, అందులో విదేశీ భాషకే 150 మార్కులు. మన దగ్గర ఈఏపీసెట్, నీట్ కోసం తల్లిదండ్రులు ఎంత తాపత్రయపడతారో, అక్కడ గావోకావ్ కోసం అంతకన్నా ఎక్కువే తాపత్రయం ఉంటుంది.

ఈ గిరాకీ చూసి ఊరూరా ట్రైనింగ్ సెంటర్లు వెలిశాయి. గోడ మీద విదేశీ టీచర్ ఫొటో ఉంటే అడ్మిషన్లు పెరిగేవి. దాంతో 1990ల్లో, 2000ల్లో విదేశీయుడు అయితే చాలు, సర్టిఫికెట్లు పెద్దగా చూడకుండానే క్లాసులోకి పంపేవారు. టూరిస్ట్ వీసా మీద వచ్చినవాళ్లు, చదువుకోవడానికి వచ్చినవాళ్లు కూడా పాఠాలు చెప్పి డబ్బులు సంపాదించుకున్నారు. “నా స్నేహితుడు డిగ్రీ లేకుండానే వెళ్లి సంపాదించాడు” అని ఎవరైనా చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ కాలం వేరు.

2012లో బీజింగ్ పోలీసులు అక్రమంగా ఉంటున్న, అక్రమంగా పని చేస్తున్న విదేశీయులపై ప్రత్యేకంగా తనిఖీలు మొదలుపెట్టారు. అదే ఏడాది జూన్‌లో కొత్త ప్రవేశ, నిష్క్రమణ చట్టం ఆమోదం పొందింది. 2013 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అక్రమ ప్రవేశం, అక్రమ నివాసం, అక్రమ ఉద్యోగం.. ఈ మూడింటినీ కలిపి చైనాలో ‘సాన్‌ఫెయ్’ అంటారు. అంటే మూడు అక్రమాలు. పర్మిట్ లేని టీచర్ ఉద్యోగం ఇందులో మూడోది.

ఇప్పుడు రూల్ ఏం చెబుతోంది?

2017 ఏప్రిల్ 1 నుంచి చైనా అంతటా విదేశీ ఉద్యోగులకు ఒకే రకమైన పర్మిట్ విధానం నడుస్తోంది. ఉద్యోగులను ఏ, బీ, సీ అని మూడు వర్గాలుగా విడదీస్తారు. ఏ అంటే అత్యున్నత స్థాయి నిపుణులు, బీ అంటే వృత్తి నిపుణులు, సీ అంటే తాత్కాలిక, ఇతర పనులవాళ్లు. భాష నేర్పే టీచర్లు సాధారణంగా బీ వర్గంలోకి వస్తారు.

ఈ టీచర్లకు ఉండాల్సిన అర్హతలు ఇవి. తన మాతృభాషనే నేర్పాలి. ఆ భాష మాతృభాషగా ఉన్న దేశం నుంచే బ్యాచిలర్స్ డిగ్రీ పొంది ఉండాలి. భాషా బోధనలో రెండేళ్ల అనుభవం ఉండాలి. నేర చరిత్ర ఉండకూడదు. వయసు సాధారణంగా 60 దాటకూడదు. విద్య, భాష లేదా బోధనకు సంబంధించిన డిగ్రీ ఉన్నవాళ్లకు, సొంత దేశంలో టీచర్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు, లేదా అంతర్జాతీయ భాషా బోధన సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు ఆ రెండేళ్ల అనుభవం నుంచి మినహాయింపు ఇవ్వొచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘టెఫల్’ అనే 120 గంటల ఆన్‌లైన్ కోర్సు చేస్తే చాలు, చైనా వెళ్లొచ్చని ప్రచారం జరుగుతుంది. ఆ సర్టిఫికెట్ అనుభవానికి బదులు పనికొస్తుంది గానీ డిగ్రీకి బదులు పనికిరాదు. డిగ్రీ లేనివాడు పది టెఫల్ సర్టిఫికెట్లు తెచ్చినా టీచర్ పర్మిట్ రాదు. ఆ కోర్సు అమ్మేవాళ్లు ఈ తేడా చెప్పరు.

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల సంగతి?

మన కుటుంబాలకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్న దేశాలు అంటే చైనా అధికారులు సాధారణంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఐర్లాండ్, దక్షిణాఫ్రికాలను లెక్కలోకి తీసుకుంటారు. ఇండియా ఆ లెక్కలోకి రాదు. మన దగ్గర ఎల్‌కేజీ నుంచి పీజీ దాకా ఇంగ్లీష్ మీడియంలో చదివినా, ఇంట్లో కూడా ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకున్నా, పాస్‌పోర్ట్ చూశాక మామూలుగా వచ్చే జవాబు ‘కుదరదు’ అనే.

అంటే ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు ఇది రెండు తాళాల తలుపు. డిగ్రీ ఒక తాళం, మాతృభాష నిబంధన రెండో తాళం. డిగ్రీ ఉన్నా రెండోది అడ్డుపడుతుంది. డిగ్రీ కూడా లేకపోతే రెండూ మూసుకున్నట్టే. విదేశంలో డిగ్రీ లేదా బోధనలో మంచి అర్హత ఉన్నవాళ్ల విషయంలో కొన్నిచోట్ల స్థానిక అధికారులు కొంత సడలింపు ఇస్తుంటారు. అయితే అది ఏజెంట్ నోటి మాట మీద తేలేది కాదు. పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ చేతికి వచ్చినప్పుడే తేలుతుంది.

దీనికి తోడు మార్కెట్‌లో ఇంకో వివక్ష ఉంది. ‘ఫారిన్ టీచర్’ అనగానే తెల్లగా ఉండాలని కోరుకునే యజమానులు, తల్లిదండ్రులు అక్కడ తక్కువేం కాదు. ఒకే క్లాసుకు తెల్లజాతి టీచర్‌కు ఒక రేటు, ఆసియా, ఆఫ్రికా టీచర్లకు ఇంకో రేటు మాట్లాడేవాళ్లు ఉన్నారు. ముఖ్యంగా పర్మిట్ లేకుండా దొరికే పనుల్లో బేరమాడే శక్తి టీచర్‌కు ఉండదు కాబట్టి ఆ తేడా మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

‘ముందు వేరే వీసా మీద రా, తర్వాత మారుద్దాం’

చైనాలో ఉద్యోగం చేయడానికి ఇచ్చేది జెడ్ వీసా. మిగతావి వేరే పనులకు ఇస్తారు. ఎల్ అంటే పర్యటన, ఎం అంటే వ్యాపారం, ఎఫ్ అంటే సందర్శన, సాంస్కృతిక మార్పిడి లాంటివి, ఎక్స్ అంటే చదువు, ఎస్ అంటే అక్కడ ఉంటున్న విదేశీయుల కుటుంబ సభ్యులకు. వీటిలో ఏదీ ఉద్యోగానికి కాదు. ఈవూ, గువాంగ్‌జౌ లాంటి నగరాల్లో వ్యాపారం చేసుకునే భారతీయుల భార్యలు కొందరు తోడుగా వెళ్లి ఉంటారు. చదువుకున్న గృహిణి కాబట్టి పక్కనున్న సెంటర్‌లో గంట క్లాసు చెబితే తప్పేముంది అనిపిస్తుంది. కానీ కుటుంబ వీసా మీద ఆ గంట పని కూడా అక్రమ ఉద్యోగమే.

అర్హత లేనివాళ్లకు ఏజెంట్లు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. “ముందు బిజినెస్ వీసా మీద రా. మూడు నెలలు పని చెయ్యి. ఆ తర్వాత వర్క్ వీసాగా మార్పిస్తాం.” వినడానికి బాగానే ఉంటుంది. కానీ అర్హత లేని మనిషికి మూడు నెలల తర్వాత కొత్తగా అర్హత పుట్టుకురాదు. ఆ మూడు నెలలు సెంటర్‌కు చవగ్గా టీచర్ దొరుకుతాడు. వీసా గడువు అయిపోగానే ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

ఇంకొందరు నకిలీ డిగ్రీ తయారు చేసిస్తామంటారు. ఇది ఇంకా ప్రమాదం. మోసం చేసి వీసా, నివాస పర్మిట్ లాంటివి తీసుకుంటే చైనా చట్టం ప్రకారం 2,000 నుంచి 5,000 యువాన్ల జరిమానా. తీవ్రమైన కేసుల్లో 10 నుంచి 15 రోజుల నిర్బంధం, 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా. ఇండియాలో కూడా నకిలీ సర్టిఫికెట్ వాడటం నేరమే. అంటే రెండు దేశాల్లోనూ కేసు మెడకు తగిలించుకున్నట్టు.

పట్టుబడితే ఏమవుతుంది?

పర్మిట్ లేకుండా పని చేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల జరిమానా వేస్తారు. యువాన్‌కు 12 రూపాయల చొప్పున లెక్కేస్తే 60 వేల నుంచి 2 లక్షల 40 వేల రూపాయలు. కేసు తీవ్రమైతే ఆ జరిమానాతో పాటు 5 నుంచి 15 రోజులు నిర్బంధంలో పెడతారు. వీసా గడువు దాటి ఉంటే దానికి వేరే లెక్క. ఆ నేరం తీవ్రమైందని తేలితే రోజుకు 500 యువాన్ల చొప్పున 10,000 వరకు జరిమానా, లేదంటే 5 నుంచి 15 రోజుల నిర్బంధం.

దేశం నుంచి పంపించేస్తే 1 నుంచి 5 ఏళ్ల వరకు మళ్లీ చైనాలో అడుగుపెట్టనివ్వరు. మరీ తీవ్రమైన కేసుల్లో బహిష్కరణ చేస్తే ఆ నిషేధం 10 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత వేరే దేశానికి వీసా అప్లై చేసినా “ఎప్పుడైనా ఏ దేశం నుంచైనా పంపించేశారా?” అన్న ప్రశ్న చాలా ఫారాల్లో ఉంటుంది. ఒక్క తప్పటడుగు వేరే దేశాల తలుపులను కూడా మూయించేస్తుంది.

పనిలో పెట్టుకున్న సంస్థకూ జరిమానా ఉంది. ఒక్కో అక్రమ ఉద్యోగికి 10,000 యువాన్లు, మొత్తం మీద లక్ష యువాన్లకు మించకుండా. పని చూపించిన మధ్యవర్తికి ఒక్కో మనిషికి 5,000 యువాన్ల చొప్పున. కాబట్టి తప్పు వాళ్లది కూడా అని చట్టమే ఒప్పుకుంటోంది. కానీ సంస్థ జరిమానా కట్టేసి మరుసటి నెల ఇంకో టీచర్‌ను తెచ్చుకుంటుంది. టీచర్‌కు అలాంటి అవకాశం ఉండదు.

పోలీసుల దాకా వెళ్లకపోయినా నష్టం జరగొచ్చు. జీతం సగమే ఇచ్చారు, ఓవర్‌టైం ఎగ్గొట్టారు, రూమ్ ఖాళీ చేయించారు అనుకుందాం. పర్మిట్ ఉన్న టీచర్ లేబర్ అధికారుల దగ్గరికి వెళ్లగలడు. పర్మిట్ లేని విదేశీయుడికీ, సంస్థకూ మధ్య కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగ సంబంధం ఉన్నట్టు కోర్టులు గుర్తించవని చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు స్పష్టంగా చెప్పింది. ఫిర్యాదు చేయడమంటే తన తప్పు తానే ఒప్పుకోవడం అవుతుంది. ఈ సంగతి సెంటర్ యజమానికి బాగా తెలుసు. నెలాఖరున జీతం ఆపినా ఈ కుర్రాడు ఎక్కడికీ వెళ్లలేడన్నది అతని ధీమా.

2021లో మార్కెట్టే మారిపోయింది

చట్టం సంగతి అలా ఉంటే, ఉద్యోగాలే తగ్గిపోయేలా చేసిన ఘటన 2021 జూలైలో జరిగింది. స్కూలు పిల్లలపై హోంవర్క్ భారం, ట్యూషన్ల భారం రెండూ తగ్గించాలంటూ చైనా ప్రభుత్వం కొత్త విధానం ప్రకటించింది. ఒకటి నుంచి తొమ్మిదో తరగతి దాకా స్కూలు సబ్జెక్టులను లాభాపేక్షతో ట్యూషన్ చెప్పడం ఆపేయమంది. వారాంతాల్లో, సెలవుల్లో ఆ క్లాసులు పెట్టొద్దంది. విదేశాల్లో కూర్చున్న టీచర్లతో చైనా పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పించొద్దంది. స్కూల్లో చేరని చిన్నపిల్లలకు విదేశీ భాష ట్యూషన్లు కూడా వద్దంది.

దెబ్బ మామూలుగా తగల్లేదు. అమెరికా, కెనడా టీచర్లతో ఆన్‌లైన్ క్లాసులు నడిపిన వీఐపీకిడ్ ఆ ఆగస్టులోనే చైనా పిల్లలకు ఆ క్లాసులు అమ్మడం ఆపేసింది. పెద్దలకు ఇంగ్లీష్ నేర్పే వాల్‌స్ట్రీట్ ఇంగ్లీష్ చైనాలో వ్యాపారం మూసేసింది. అక్కడ కోచింగ్ రంగంలో అతిపెద్ద పేర్లలో ఒకటైన న్యూ ఓరియంటల్ 60 వేల మందిని తీసేయాల్సి వచ్చిందని దాని వ్యవస్థాపకుడు యూ మిన్‌హాంగ్ స్వయంగా చెప్పారు. ఆ సంస్థ తర్వాత ఆన్‌లైన్ లైవ్‌లో కూరగాయలు, బియ్యం అమ్మే వ్యాపారంలోకి దిగింది. అందులో ఒకప్పటి ఇంగ్లీష్ టీచర్లే సరుకు అమ్ముతూ మధ్యమధ్యలో ఇంగ్లీష్ మాటలు నేర్పి పేరు తెచ్చుకున్నారు.

దీని అర్థం ఒక్కటే. సొంత దేశంలో డిగ్రీలున్న టీచర్లకే ఉద్యోగాలు ఊడిన చోట, అర్హత లేని విదేశీయుడికి మిగిలేది దొంగచాటుగా నడిచే క్లాసులే. అపార్ట్‌మెంట్లలో, బోర్డు లేని గదుల్లో నడిచే ఆ క్లాసులపైనే తనిఖీలు ఎక్కువగా జరుగుతాయి. సెంటరే అక్రమం, టీచర్ కూడా అక్రమమైతే ఇక అడిగేవాళ్లే ఉండరు.

మెడిసిన్ చదివే పిల్లలు జాగ్రత్త

తెలుగు రాష్ట్రాలకు, ఈ విషయానికి నేరుగా సంబంధం ఉన్నది ఇక్కడే. కొవిడ్‌కు ముందు చైనాలో 23 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులు ఉండేవారు. అందులో ఎక్కువమంది ఎంబీబీఎస్ కోసం వెళ్లినవాళ్లే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ముస్లిం పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. ఫీజులకు అప్పు చేసిన ఇంటి పిల్లలకు ఖర్చులకైనా సంపాదించుకుందామనే ఆలోచన రావడం సహజం. సీనియర్లు కూడా “గంటకు ఇంత ఇస్తారు, శని, ఆదివారాలు వెళ్లి చెప్పు” అని దారి చూపిస్తారు.

విద్యార్థి నివాస పర్మిట్ మీద పని చేయడం పూర్తిగా నిషేధం కాదు. కానీ ముందు యూనివర్సిటీ అనుమతి తీసుకోవాలి. తర్వాత పోలీసుల ఎగ్జిట్-ఎంట్రీ కార్యాలయానికి వెళ్లి, ఎక్కడ, ఎంతకాలం పని చేస్తున్నారో నివాస పర్మిట్ మీద రాయించుకోవాలి. ఈ రెండూ లేకుండా క్యాంపస్ బయట పని చేస్తే అది అక్రమ ఉద్యోగం కిందికే వస్తుంది. పట్టుబడితే పోయేది గంటకు వచ్చే వందో రెండొందల యువాన్లో కాదు, ఎంబీబీఎస్ సీటు. నాలుగేళ్లు చదివి, లక్షలు ఖర్చుపెట్టి, చివరి ఏడాదిలో వెనక్కి రావాల్సి వస్తే ఆ నష్టం కుటుంబం కోలుకోలేనిది. కాబట్టి పిల్లలు ఫోన్‌లో “పార్ట్ టైం చేస్తున్నా అమ్మీ” అని సంతోషంగా చెప్పినప్పుడు, “పర్మిట్ మీద రాయించావా బేటా?” అని తప్పకుండా అడగాలి.

నిజమైన ఉద్యోగం ఎలా మొదలవుతుంది?

చట్టప్రకారం జరిగే నియామకానికి ఒక వరుస ఉంటుంది. విదేశీయులను నియమించుకునే హక్కున్న సంస్థ ముందుగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడుతుంది. అభ్యర్థి డిగ్రీ, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌లను చైనా కోరే పద్ధతిలో ధ్రువీకరించి పంపాలి. ఆరోగ్య పరీక్షల రిపోర్టు కూడా ఉంటుంది. అన్నీ సరిపోతే వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ వస్తుంది. ఆ లెటర్‌తో ఇండియాలోనే జెడ్ వీసా వేయించుకోవాలి. చైనా చేరాక వర్క్ పర్మిట్ తీసుకుని, 30 రోజుల్లోపు నివాస పర్మిట్‌కు అప్లై చేయాలి. హోటల్లో కాకుండా ఇంట్లో ఉంటే 24 గంటల్లో స్థానిక పోలీసుల దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి.

పర్మిట్ వచ్చాక కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దాని మీద ఉన్న సంస్థలోనే పని చేయాలి. పగలు ఒక స్కూల్లో పని చేస్తూ, సాయంత్రం ఇంకో సెంటర్‌లో పాఠాలు చెప్పడం పర్మిట్ పరిధి దాటడమే. పర్మిట్ ఒక కంపెనీ పేరు మీద చేయించి, పని మాత్రం వేరే ఊళ్లో వేరే సెంటర్‌లో చేయించే మోసం కూడా జరుగుతుంటుంది. పట్టుబడ్డాక “నాకు తెలియదు” అంటే చట్టం వినదు.

ఇండియాలో ఏజెంట్ మీద చట్టం

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్ 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా విదేశాంగ శాఖకు చెందిన ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ ఏజెంట్ తన సేవలకు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ కన్నా ఎక్కువ తీసుకోకూడదు. “చైనా ఉద్యోగానికి రెండు లక్షలు, మూడు లక్షలు” అన్నప్పుడే అనుమానం రావాలి.

ఇంకో చిక్కు ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ల లాంటి ఈసీఆర్ పాస్‌పోర్ట్‌దారులు గల్ఫ్ లాంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఆ జాబితాలో చైనా లేదు. కాబట్టి గల్ఫ్ ప్రయాణాల్లో ఉండే ఆ ఒక్క తనిఖీ కూడా ఇక్కడ ఉండదు. కుటుంబమే ఆ తనిఖీ చేసుకోవాలి. సందేహాలుంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయాన్ని, తెలంగాణలో టామ్‌కామ్‌ను, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్‌ను అడగొచ్చు. ఇవి ప్రభుత్వ సంస్థలు.

బయల్దేరాక దారి మార్చే మోసాలు అన్నిటికన్నా భయంకరం. ఆఫీసు ఉద్యోగమని చెప్పి కాంబోడియా, మయన్మార్‌లలోని సైబర్ మోసాల అడ్డాలకు అమ్మేసిన ఘటనలు తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. 2024లో విశాఖపట్నం పోలీసులు కాంబోడియా కేసులను బయటపెట్టారు. 2025 మార్చిలో మయన్మార్ అడ్డాల నుంచి బయటపడ్డ 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళం విమానాల్లో తీసుకొచ్చారు. “చైనా వీసా లేటవుతోంది, ముందు థాయ్‌లాండ్ వెళ్లి అక్కడి నుంచి వెళ్లు” అని ఎవరైనా అంటే ప్రయాణం అక్కడితో ఆపేయాలి.

తిండి, నమాజ్, క్లాసురూమ్

సరైన పర్మిట్‌తో వెళ్లేవాళ్ల ఇళ్లలో తప్పకుండా వచ్చే ప్రశ్నలు ఇవి. చైనాలో హలాల్‌ను ‘చింగ్‌జెన్’ అంటారు. హుయ్ ముస్లింలు నడిపే నూడుల్స్ హోటళ్లు చాలా నగరాల్లో కనిపిస్తాయి. బీజింగ్‌లో న్యూజే మసీదు, గువాంగ్‌జౌలో హువైషెంగ్ మసీదు, షియాన్‌లో పెద్ద మసీదు ఎంతో పాతవి. విదేశీయులు ప్రభుత్వం దగ్గర నమోదైన మసీదుల్లో నమాజ్ చేసుకోవచ్చు.

అయితే బడి సంగతి పూర్తిగా వేరు. చదువును మతం నుంచి వేరుగా ఉంచాలన్నది చైనా విద్యా చట్టంలోనే ఉంది. క్లాసులో మతం గురించి బోధించడం, పిల్లలకు మత పుస్తకాలు ఇవ్వడం ఉద్యోగానికే కాదు, వీసాకు కూడా ముప్పు తెస్తుంది. షిన్‌జియాంగ్ ప్రాంతంలో ఆంక్షలు మరింత కఠినంగా ఉంటాయి. హిజాబ్ వేసుకునే ఆడపిల్లలు, జుమా నమాజ్‌కు టైం కావాలనుకునే యువకులు ఆ విషయం చేరాక కాకుండా ఇంటర్వ్యూలోనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

మరి దారి లేదా?

ఉంది, కానీ దగ్గరి దారి కాదు. మొదటిది డిగ్రీ పూర్తి చేయడం. ఆగిపోయిన చదువు పూర్తి చేస్తే చైనాకే కాదు, ఎక్కడికి వెళ్లాలన్నా మొదటి మెట్టు అదే. రెండోది బీఈడీ. భారతీయ టీచర్లకు చైనాలో కాస్త తలుపు తెరిచి ఉన్నది ఇంగ్లీష్‌లో కాదు, ఇంగ్లీష్ మీడియంలో లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ లాంటి సబ్జెక్టులు చెప్పే ఇంటర్నేషనల్ స్కూళ్లలో. అక్కడ మాతృభాష నిబంధన అడ్డు రాదు. డిగ్రీ, బోధన అర్హత, అనుభవం చూస్తారు. గల్ఫ్‌లోని సీబీఎస్‌ఈ స్కూళ్లలోనూ డిగ్రీతో పాటు బీఈడీ ఉన్నవాళ్లకే గిరాకీ. అంటే ఏజెంట్‌కు ఇవ్వాలనుకున్న రెండు మూడు లక్షలు బీఈడీ మీద పెడితే అది ఒక్క దేశానికి కాదు, పది దేశాలకు పనికొస్తుంది.

డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు

ఇంట్లో ఎవరైనా చైనా టీచర్ ఉద్యోగం అంటూ వస్తే, పెద్దవాళ్లు కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడగాలి.

వీసా ఏది? జెడ్ కాకుండా వేరే ఏ అక్షరం చెప్పినా ఆ మాటలు అక్కడితో ఆపేయాలి.

నోటిఫికేషన్ లెటర్ వచ్చిందా? దాని మీద సంస్థ పేరు, ఊరు, ఉద్యోగం పేరు ఏమున్నాయి? ఒప్పంద పత్రంలోనూ అవే ఉన్నాయా?

డిగ్రీ అడిగారా? అడగకపోతే సంతోషించొద్దు. అడగలేదంటే పర్మిట్ చేయించే ఉద్దేశం లేదని అర్థం.

పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటుంది? పర్మిట్ పనుల కోసం కొద్దిరోజులు ఇవ్వాల్సి రావొచ్చు. కానీ “మా దగ్గరే ఉంటుంది” అనే యజమాని దగ్గరికి వెళ్లొద్దు.

జీతం బ్యాంకులో వేస్తారా, చేతికి ఇస్తారా? పన్ను కట్టిన రికార్డు ఉంటేనే చైనా బ్యాంకు నుంచి ఇంటికి డబ్బు సక్రమంగా పంపడం కుదురుతుంది. నగదు జీతానికి ఆ రికార్డు ఉండదు.

ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా? ఫీజుకు రసీదు ఇస్తాడా?

ఇప్పటికే అక్కడికి వెళ్లి ఇరుక్కున్నవాళ్లు ఉంటే దాచిపెట్టొద్దు. బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం, షాంఘై, గువాంగ్‌జౌలలోని కాన్సులేట్లు భారతీయుల సమస్యలు వింటాయి. ఇక్కడి నుంచి కుటుంబం విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. వీసా గడువు దాటకముందే సంప్రదిస్తే బయటపడే దారులు ఎక్కువ. పరువు పోతుందని నెలల తరబడి ఆగితే రోజుకింత చొప్పున జరిమానా పెరుగుతుందే తప్ప సమస్య తీరదు.

వెళ్లేవాళ్లు పాస్‌పోర్ట్, వీసా, నోటిఫికేషన్ లెటర్, ఒప్పంద పత్రం కాపీలు ఒక సెట్ ఇంట్లో వదిలి వెళ్లాలి. రేపు ఏదైనా జరిగితే అధికారులు మొదట అడిగేవి అవే.